సైలస్ తాతని కదపరాదు

మా ‘నల్ల బాతు’ పబ్బులో చలిమంట గూడు పక్కనున్న చెక్క బల్ల సైలస్‌ది. ఆయన లేచాడంటే ఇంకెవడైనా కూచోవచ్చునన్నది మా ఊరి ధర్మం. అందుకే ఆయన లేవడు. పురాతన కట్టడాల శాఖ నుంచి పెటిఫర్ కొలతలకు వచ్చిన నాడు కూడా లేవలేదు.

“కాస్త జరుగు తాతా, వెనక గోడ చూడాలి.”

“చూసుకోవయ్యా, నేనేమన్నా కళ్లు మూశానా? జరిగితే ఆ హంఫ్రీ గాడు కూచుంటాడు.”

హంఫ్రీ అప్పటికే గ్లాసుతో సగం లేచాడు.

పెటిఫర్ నియమనిష్ఠలున్న మనిషి. కదలనిదల్లా కట్టడంలో భాగమేనని ఆయన చదువు. గూడు, దూలం, బల్ల, బల్ల మీద సైలస్, అన్నిటినీ కలిపి ప్రభుత్వ రక్షణ కిందికి తెచ్చేశాడు. మేం పడీపడీ నవ్వాం. ఆనాటి నుంచి సైలస్‌కి పడక కూడా అక్కడే.

నవ్వు పెళ్లి దగ్గర ఆగింది. సముద్రం ఒడ్డున క్రోమర్‌లో ఉండే ఎడ్నాను చేసుకుని అక్కడే కాపురం పెట్టాలని సైలస్ ఆశ. డెబ్బై దాటాక మొదటి పెళ్లి! పబ్బు నడిపే డోరీన్ మాత్రం కాళ్లావేళ్లా పడింది. “నువ్వు గడప దాటితే నన్ను జైల్లో వేస్తారు తాతా!”

తొలగింపుకి అనుమతి అడిగితే, అభ్యంతరాలుంటే చెప్పమని వీధి దీపస్తంభానికి నోటీసు కట్టారు. తాతని తీస్తే ఆ మూల కళ తప్పుతుందని ఊరంతా అభ్యంతరం చెప్పింది. హంఫ్రీ ఒక్కడే తీసెయ్యమన్నాడు.

“నేను మనిషినయ్యా!” అని సైలస్ మొత్తుకున్నాడు.

“కాదన్నానా?” పెటిఫర్ నొచ్చుకున్నాడు. “చాలా మంచి స్థితిలో ఉన్న మనిషివి. అందుకేగా భయం.”

చివరికి ఎడ్నాయే పెట్టె పట్టుకుని దిగింది. “ఈయన రాలేకపోతే నేనే ఉంటాను. బల్ల మీద ఇద్దరికి చోటుంది.”

పెటిఫర్ గడ్డం గోక్కున్నాడు. “పాతదానికి కొత్తది చేర్చొచ్చమ్మా. కానీ రేపు తీసెయ్యాల్సొస్తే, పాతదానికి గీత పడకుండా ఊడి రావాలి.”

“ఆ బెంగ నీకొద్దు బాబూ. ఇద్దరు మొగుళ్ల దగ్గర్నుంచి ఊడొచ్చినదాన్ని. ఒక్కడికీ గీత పడలేదు.”

అనుమతి వచ్చింది. పెళ్లి ఆ బల్ల మీదే. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలని రిజిస్ట్రారు అడగ్గానే అందరం పెటిఫర్ వైపు తిరిగాం. సైలస్ ఎడ్నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పెటిఫర్ లేచి, గొంతు సవరించుకున్నాడు.

“కాగితప్పూల దండలు కట్టుకోండి,” అన్నాడు. “మేకులు మాత్రం కొట్టొద్దు.”