పలక మీద పట్టినంత కథ

నేను ఒక పలకను. మార్కాపురం దగ్గర నేల కడుపులో పొరలు పొరలుగా పడుకున్న రాయిని. గునపాలతో లేపి, పలచగా చీల్చి, నున్నగా అరగదీసి, నాలుగు చెక్కల మధ్య బిగించారు. అప్పటినుంచి ఆ చట్రమే నా లోకం. తీరా నేను అంగడికి చేరేసరికి పిల్లలు నోటుపుస్తకాలకు మరిగారు. ఒంగోలులో ఒక కొట్టు అటక మీద ఏళ్ల తరబడి దుమ్ము తిన్నాను.

నన్ను అక్కడినుంచి దింపించింది తిలోత్తమ అనే ఇల్లాలు. ఆమె భర్త కోదండపాణిగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడివైపు కదలదు. "ఏమండీ, ఎడం చేత్తోనే ఏం కావాలో రాయండి" అని నన్ను ఆయన పొట్ట మీద ఆనించి, వేళ్ల మధ్య బలపం పెట్టింది.

ఆయన లావుపాటి నవలలు రాసిన మనిషి. ఆయన పుస్తకంలో వాన మొదలుకావడానికే రెండు పేజీలు పట్టేదట. అలాంటాయన నా మీద "నీళ్లు" అనో "దోమలు" అనో వంకరగా రాసి, గోడవైపు తల తిప్పుకునేవారు. ఆ మంచం దాటి ఆయనా, ఈ చట్రం దాటి నేనూ పోయేది లేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఏదో రాయడం మొదలుపెట్టారు. సగంలోనే చెక్క అడ్డొచ్చింది. కోపంగా అరచేత్తో తుడిచేశారు. మళ్లీ రాశారు, మళ్లీ తుడిచారు. సాయంత్రానికి ఇంత మిగిలింది:

"ఒకాయన ఇల్లు కట్టడంలోనే ముసలాడయ్యాడు. గృహప్రవేశం నాడు వాకిట్లోనే కూర్చుండిపోయాడు. గాలి అక్కడే బాగుంది."

తిలోత్తమ చదివి, "అంతేనా? తర్వాతేమైంది?" అంది. ఆయన చివర చుక్కను ఇంకాస్త గట్టిగా దిద్దారు. నవ్వుకు ఆయన పొట్ట ఎగిరింది, దానితోపాటు నేనూ.

ఆనాటినుంచి రోజూ ఒక కథ. అక్కర్లేని మాట దొరికితే ఆయనకు పండగ. బొటనవేలితో దాన్ని చెరిపేటప్పుడు, పంటికింద రాయి తీసేసినవాడిలా మొహం విప్పారేది.

పబ్లిషరు మాల్యాద్రి వచ్చాడు. "గురువుగారూ, నవల మూడో భాగం కోసం జనం చంపుతున్నారు. ఎవరిచేతనైనా రాయిస్తా. మీరు తల ఊపండి చాలు."

ఆయన ఊపలేదు. నన్ను చూపించారు. మాల్యాద్రి నా మీది కథను శ్రద్ధగా చదివి, "భలే ఉంది సార్! కాస్త పెంచితే మంచి నవలవుద్ది" అన్నాడు.

కోదండపాణిగారు కథంతా తుడిచేసి, "వద్దు" అని రాశారు.

చలికాలంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ పోయింది. కళ్లు మాత్రం మిగిలాయి. నన్ను మంచం కింద పెట్టేశారు. నా మీద ఎవరూ ఏమీ రాయలేదు. పైన ఆయన ఊపిరి ఒక్కటే వినబడేది.

ఒకరోజు తిలోత్తమ వంటింట్లోంచి వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నన్ను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత రాసి, ఆయన కళ్లముందు పట్టుకుంది:

"కిటికీ తీసే ఉంది. లోపలికొచ్చిన పిచ్చుక పోలేదు. దానికి మేమంటే ఇష్టం."

ఆయన చదివారు. చివరి వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. అక్కడినుంచి కదలదు.

"ఇది వద్దా?" అందామె.

ఆయన రెప్ప వాల్చారు.

తిలోత్తమ బొటనవేలు తడి చేసుకుని ఆ వాక్యాన్ని చెరిపేసింది. మిగిలినదాన్ని తనే మళ్లీ చదువుకుని, ఆయనవైపు చూసి, కళ్లొత్తుకుంది.