బోర్లించిన పడవ కింద కల్లు

మా ఆయన తాగరు. ఈ మాట ఎవరితో చెప్పినా అదృష్టవంతురాలివంటారు. వాళ్ళకేం తెలుసు? తాగే మొగుణ్ణయితే రోజూ ఒకే కొట్టు దగ్గర వెతుక్కోవచ్చు. మా యుగంధర్ గారిని వెతకాలంటే కొత్తవలసలో పట్టాల పక్క గోడౌన్‌లాంటి బారు చూడాలి, రామతీర్థం దారిలో నులకమంచాలు వేసిన కల్లుపాక చూడాలి, మూతపడ్డ రైసుమిల్లులో ఎవరో సీసాలు సర్దారని తెలిస్తే అదీ చూడాలి. విజయనగరంలో టైల్స్ షాపు నడుపుకునే మనిషికి ఎవరికీ తెలియని తాగుడు చోట్ల మీద ఒక ఛానెల్ ఉంది. నలభై వేలమంది చూస్తారు. రెండు గుక్కలకే ఆయనకి తలపోటొస్తుంది కాబట్టి రుచి చూసే ఉద్యోగం నాది. కెమెరా ఆపి, ఒక గుక్క వేసి, "మొదట తీపి, చివర్న పులుపు" అని చెబుతాను. కెమెరా ఆన్ చేయగానే ఆయన కళ్ళు మూసుకుని, ఎంతో అనుభవించినట్టు అదే ముక్క అంటారు. నా కెమిస్ట్రీ డిగ్రీ అలా అక్కరకొచ్చింది.

కళింగపట్నంలో సుభద్రమ్మ పాకని కనిపెట్టింది కూడా నేనే, ఎండు నెత్తళ్ళ చేపలు కొనబోయి. ఆమె భర్త పోయాక అతని పడవ సముద్రానికి పనికిరాకుండా పోయింది. దాన్ని అమ్మకుండా నాలుగు తాటిరాటల మీద బోర్లించి పెట్టి, ఆ నీడలో తాటాకు దొప్పల్లో కల్లు పోస్తుంది. పక్కన వేయించిన నెత్తళ్ళు. అంతకన్నా మంచి కప్పున్న బారు నేను వైజాగులో కూడా చూడలేదు.

మేం వీడియో తీయడానికి వెళ్ళింది ఆదివారం. వచ్చేస్తుంటే ఆమె మరీమరీ చెప్పింది. "రేపు అమ్మోరి సంబరానికి సాటింపేస్తారు. ఘటాలు తిరిగి గుడికెళ్ళే దాకా మా ఊళ్ళోన కల్లు సుక్క ముట్టరు బాబూ. కుండలు బోర్లించీస్తాం. అందాకా రాకండి." ఈయన తల ఊపారు. ఆ తల ఊపడం నేను చూశాను.

బుధవారం పొద్దున పెసరట్టు తింటూ ఆ వీడియో పెట్టారు. పైన ఏమని రాశారో నేను చూసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం సుభద్రమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, మీ ఆయన ఏటి పెట్టినారమ్మా ఫోన్లోన? సాటింపేసినాక నాను కల్లు పోసినానంట. ఊరంతా నా మీద పడిపోనారు. నిన్న ఏరు సంద్రంలో కలిసే మొగ కాడ బోటు తిరగబడి పోతురాజు తమ్ముడికి సెయ్యి ఇరిగింది. అదీ నా వల్లేనంట. పడవ పీకీస్తామంటన్నారమ్మా!"

ఫోన్ తీసి చూశాను. "ఈ క్షణం నేనిక్కడే! పడవ కింద కల్లు తాగుతూ!" అని ఉంది.

షాపు మూయించి కారెక్కించాను. శ్రీకాకుళం దాటేదాకా ఆయనది ఒకటే పాట.

"డిలీట్ చేసీసేను కదా అనూ, ఇంకేటి?"

"డిలీట్ చేస్తే దాచినట్టుంటుంది."

"పాతదని రాస్తే ఎవడు చూస్తాడు? అందరూ అలాగే రాస్తారు."

"అందరి సంగతి వాళ్ళ పెళ్ళాలు చూసుకుంటారు. మీరు అక్కడ ఆదివారం వచ్చామని ఒక్క ముక్క చెప్పండి చాలు."

"చెప్తే? ఇన్నాళ్ళు పెట్టినవన్నీ అబద్ధాలేనంటారు. వచ్చే నెల వైజాగులో నాకు సన్మానం!"

"శాలువా నేను కొంటాను, అంత సరదాగా ఉంటే."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

మేం చేరేసరికి ఎండ వాలుతోంది. పాక చుట్టూ జనం. కట్టు పడిన చేయి మెడకి వేలాడేసుకుని ఒక కుర్రాడు ఇసకలో కూర్చున్నాడు. వాడి అన్న పోతురాజు గునపంతో రాట మొదట్లో పొడుస్తున్నాడు. ఇంకో రాట అప్పటికే ఇసకలోంచి లేచిపోయింది. పడవ అటువైపు ఒరిగి కిర్రుమంటోంది. దాని కిందే సుభద్రమ్మ, మిగిలిన రాటల్లో ఒకదాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడింది. ఆమె పక్కన కల్లుకుండలు నిజంగానే బోర్లించి ఉన్నాయి. వాటినెవరూ చూడటం లేదు.

"తప్పుకో పిన్నీ."

"తప్పుకోను. నీ బాబు సేపల ఏట నేర్సుకున్న పడవిది. నా మీదే పడనీ."

ఊరి పెద్ద కూర్మయ్య మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. గునపం ఆగింది.

"బాబూ, ఆ బొమ్మలో మనిషివి నువ్వే కదా. ఈ పడవ కింద నువ్వు కల్లు తాగింది ఎప్పుడు?"

ఈయన షాపుకొచ్చిన ఖాతాదారు ముందు నవ్వే నవ్వొకటి నవ్వారు. "పెద్దాయనా, వీడియో అన్నాక ఎప్పుడు తీశామన్నది అంత ముఖ్యం కాదు..."

"మాకదే ముఖ్యం."

నేను కెమెరా తెరిచి తేదీ చూపించాను. పోతురాజు తొంగి చూసి పెదవి విరిచాడు. "తారీకులు మార్చడం ఎంతసేపు? రేపటి తారీకు నా ఫోన్లోన ఇప్పుడే ఎట్టీగలను."

"ఆదివారమే వచ్చాం. పక్కనే ఉన్నాను, నేను చెబుతున్నాను" అన్నాను.

"తల్లీ, పెనిమిటి కోసం ఆడకూతురు సెప్పిన మాట ఈ రేవులో లెక్కకి రాదు. ఆయన నోరు ఆయన కాడే ఉన్నాది కదా?" అన్నాడు కూర్మయ్య.

అందరూ ఈయన వైపు తిరిగారు. ఓ నాలుగు ఫోన్లు కూడా పైకి లేచాయి. ఈసారి నిజంగానే లైవ్. ఈయన ఆ ఫోన్ల వంకే చూస్తున్నారు. తర్వాత నా వంక చూశారు. నేను పడవ వంక చూశాను.

"మాటాడడేటి? తాగినాడు కాబట్టే మాటాడడు" అన్నాడు పోతురాజు. తమ్ముడి వైపు చెయ్యి చూపించాడు. "ఆడి సెయ్యి సూడండి. రేపు ఏట ఎలా సేస్తాడు ఆడు? దీన్ని ఉంచితే ఇంకెవుడు పోతాడో!" గునపం మళ్ళీ ఎత్తి, ఈసారి పై నుంచి దిగేశాడు.

రాట కదిలింది. పడవ ఒక్కసారిగా జానెడు కిందికి జారింది. జనం వెనక్కి దూకారు. సుభద్రమ్మ దూకలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని "ఓలమ్మా" అంది, అంతే.

"ఆపండి!"

ఆ కేక ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన గొంతు అంత పెద్దగా వినలేదు. చెప్పులు ఇసకలో వదిలేసి పడవ కిందకి దూరి, ఆమె పట్టుకున్న రాటకే తన భుజం ఆనించారు.

"నిన్న నేనిక్కడ లేను. ఇంట్లో పెసరట్టు తింటున్నాను. ఇక్కడికొచ్చింది ఆదివారం, చాటింపుకి ముందు. ఎక్కువమంది చూస్తారని ఇప్పుడే తాగుతున్నానని రాశాను. అబద్ధం. ఆవిడ రావద్దని చెప్పింది కూడా. నాకు తెలిసే రాశాను."

పోతురాజు చేతిలో గునపం కిందకి దిగింది.

"నన్ను సూసి కాదు బాబూ. ఆమెను సూసి సెప్పు" అన్నాడు కూర్మయ్య.

ఈయన రాట వదలకుండానే మెడ తిప్పారు.

"తప్పు నాది సుభద్రమ్మా. నీది కాదు."