గుండ్రటి లెక్క

మా ఆయన పనిచేసే కంపెనీ ల్యాబ్‌లో ఒక లేజర్ మెషిన్ ఉంది. రాతిపొడిని నీళ్లలో కలిపి అందులో పోస్తే, కాంతి ఎలా చెదిరిందో చూసి రేణువుల సైజు చెబుతుంది. ఆయనకి ఆ మెషిన్ మాటే వేదం.

అదే కంపెనీ మిల్లులో ఆ రాయిని పిండి చేసేది మా తమ్ముడు. ముక్కుకి జేబురుమాలు కట్టుకుంటాడు. ఏడాదిగా ఒకటే దగ్గు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి వాడు దగ్గితే చాలు, ఈయన అందుకునేవారు.

"ఒరేయ్ బామ్మర్దీ, ముందా సిగరెట్లు మానెయ్. మీ మిల్లు దుమ్ము ముతకరా. ముక్కు దాటి లోపలికి పోదు. మెషినే చెప్తోంది."

వాడు నవ్వి ఊరుకునేవాడు. బావ మాటంటే వాడికి అంత గురి.

మొన్న ఆదివారం పొద్దున ఆయన బ్యాగు ఉతుకుదామని ఖాళీ చేస్తే అడుగున మాస్క్ దొరికింది. మామూలు గుడ్డది కాదు, రెండు బుగ్గల దగ్గరా ఫిల్టర్లు బిగించినది.

"ముతక దుమ్ముకి ఇదెందుకండీ?"

"ల్యాబ్‌లో ఇచ్చార్లే" అంటూ లాక్కోబోయారు. నేను వదల్లేదు. చివరికి కక్కారు. ఆ మధ్య మెషిన్ పాడైతే పొడిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారట. రేణువులన్నీ సూదుల్లాంటివేనట. అప్పట్నుంచి ల్యాబ్ తలుపు వేసుకుని, ఇది పెట్టుకుని పొడి ముట్టుకుంటున్నారట.

"మెషిన్‌కి ఆకారం తెలీదే. ప్రతిదాన్నీ గుండ్రటి ఉండ అనుకునే లెక్కగడుతుంది. పొడుగాటి సూదిని కూడా లావుపాటి ఉండ కింద చూపిస్తుంది. సూది సన్నం కదా, నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది."

"మరి ఆ మాట రిపోర్టులో రాయొచ్చుగా?"

"కంపెనీ వాళ్లు సైజు ఒక్కటే అడుగుతారు. అయినా రాస్తే మిల్లు మూసేస్తారు. అందరం రోడ్డున పడతాం."

అందరం అట. మాస్క్ మాత్రం ఒక్కరికే. ఆ మొహం చూడాలంటేనే నాకు అసహ్యం వేసింది.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. ఇద్దరికీ వడ్డించి, వాడి పళ్లెం పక్కన ఆ మాస్క్ పెట్టాను.

"నాకోసమా బావా!" అంటూ సంబరంగా అందుకున్నాడు. తిప్పి చూశాడు. ఫిల్టర్ల నిండా బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. రోజూ తను ఒళ్లు రుద్ది కడుక్కునే పొడే కదా, ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"ఎప్పట్నుంచి బావా?" అన్నాడు మెల్లగా.

ఆయన తల వంచుకుని తింటూనే ఉన్నారు. వాడికి దగ్గు తెర వచ్చింది. ఈసారి ఆయన సిగరెట్ల మాట ఎత్తలేదు.