గ్లాసు లేవాలంటే

బారు తలుపులు పదకొండింటికి తెరుస్తారు. గ్లాసులక్క మాత్రం పదింటికే వెనకవైపు తొట్టి దగ్గర గ్లాసులు తోముతూ ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అంచు మీద పెదవి గుర్తు చూసి అది ఎవరు తాగిన గ్లాసో చెప్పేస్తుంది.

ఆ బారులో గ్లాసులు బరువెక్కుతాయి. మనసులో మాట దాచుకుని తాగేవాడి గ్లాసు బల్ల మీంచి ససేమిరా లేవదు. అప్పుడు మేనేజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఏమైందని అడగాలి. అవతలివాడు చెప్పాలి. చెబితే లేస్తుంది. అందరికీ అది మామూలే.

పాత మేనేజరు మోకాళ్ల నొప్పులతో మానేశాడు. ఓనరమ్మ తలుపుకి కాగితం అంటించింది. డిగ్రీ ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి, కంప్యూటరు రావాలి, సిబ్బందిని నడిపించాలి, గొడవలు సర్దాలి. గ్లాసులక్క ఆ కాగితాన్ని వచ్చేటప్పుడోసారి, వెళ్లేటప్పుడోసారి చదివేది. డిగ్రీ దగ్గరే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఆ ఉద్యోగం తనకి కావాలని ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని భయం.

ఆ మధ్యాహ్నం సూటు వేసుకున్నాయన ఇంటర్వ్యూకి వచ్చాడు. చదువుంది, అనుభవం ఉంది, మాటకారి.

"గ్లాసులకి మెషీను పెట్టిద్దాం మేడమ్. మనిషితో పనిలేదు," అన్నాడు.

తొట్టిలో గ్లాసులక్క చేతులు ఆగిపోయాయి.

అంతలో కిటికీ పక్క బల్ల దగ్గర వాచీలన్న గ్లాసు మొరాయించింది. గడియారాలు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు.

"ఏదీ, చూడండి," అంది ఓనరమ్మ.

సూటాయన వంగి, "ఇంకొకటి తెప్పించమంటారా సార్?" అన్నాడు. గ్లాసు కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని లాగాడు. బల్ల లేచింది గానీ గ్లాసు లేవలేదు. వాచీలన్న సిగ్గుతో తల దించుకున్నాడు.

గ్లాసులక్కకి ఇక మనసొప్పలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఈ మధ్య నీ గ్లాసు నిండా వేలిముద్రలే. తడుముకుని పట్టుకుంటున్నావా?"

ఆయన గ్లాసు మీంచి చెయ్యి తీసేశాడు. "చిన్న స్క్రూలు కనబడట్లేదక్కా. నిన్న ఒకరి వాచీ పాడుచేశాను. ఇంట్లో చెప్పలేదు."

"మీ ఆవిడ కళ్లు బాగానే ఉన్నాయా?"

"దివ్యంగా ఉన్నాయి. నేనెంత తాగానో వీధి చివర్నించే చెప్పేస్తుంది."

"అయితే ఆమెకి చెప్పు. ముందు డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకో. చూడటం ఆమె చూస్తుంది, పని నీ చేతులకి వచ్చు."

వాచీలన్న కళ్లు తుడుచుకున్నాడు. రెండు వేళ్లతో గ్లాసు తీసి ఆమెకిచ్చి ఇంటికి బయల్దేరాడు.

"మంచిపని చేశావక్కా," అనేసి ఓనరమ్మ సూటాయనని తన గదిలోకి తీసుకెళ్లింది. అంతకుమించి ఆవిడకి తట్టలేదు. పద్దెనిమిదేళ్లుగా గ్లాసులక్కని తొట్టి దగ్గరే చూసింది మరి.

గ్లాసులక్క వెనక్కొచ్చి, చల్లారిపోయిన తన టీ గ్లాసు అందుకోబోయింది. రాలేదు. గట్టిగా లాగినా రాలేదు. ఎవరైనా చూస్తారేమోనని దానిమీద గుడ్డ కప్పేసింది.

పెన్ను వెతుక్కుంటూ ఓనరమ్మ అటు వచ్చింది. గుడ్డ తీసి, గ్లాసుని వేలితో నెట్టి చూసింది. తర్వాత బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది.

"ఏమైందక్కా?" అంది.

ఆ మాట ఇన్నేళ్లలో ఆమెని ఎవరూ అడగలేదు. గ్లాసులక్కకి ఏడుపొచ్చింది.

"ఆ ఉద్యోగం నాకు కావాలమ్మా. డిగ్రీ లేదు, కంప్యూటరు రాదు. అయినా కావాలి."

ఓనరమ్మ చెయ్యి చాచింది. టీ గ్లాసు తేలిగ్గా లేచి వచ్చింది.

"వేడిది తెప్పిస్తాను. లోపలున్నాయనకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు. ఇక మేనేజరువి నువ్వేగా."

గ్లాసులక్క గదివైపు చూసింది. సూటాయన అటూ ఇటూ చూసి, తనకిచ్చిన మంచినీళ్ల గ్లాసుని బల్ల మీంచి ఎత్తాలని అవస్థ పడుతున్నాడు. ఎత్తలేకపోతున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని, ఒక కుర్చీ పట్టుకుని లోపలికి వెళ్లింది.