తొక్క తీసిన క్యారెట్

"తొక్కలోనే ఉంటుందమ్మా బలమంతా," అంటూ అత్తయ్య నా చేతిలోని పీలర్ లాక్కుని సొరుగులో పడేసింది.

ఈ ఇంట్లో భోజనం పచ్చి కూరగాయల ముక్కలతో, మొలకెత్తిన గింజలతో మొదలవుతుంది. అత్తయ్యకు షుగరు, మామయ్యకు మలబద్ధకం. ఇద్దరికీ అవి బాగానే పనిచేశాయి. నాకున్నది పెద్దపేగులో పుండ్లు. జబ్బు అణిగి ఉన్నప్పుడు నేనూ అన్నీ తింటాను. తిరగబెట్టినప్పుడు మాత్రం నాలుగు పచ్చి ముక్కలు చాలు, కడుపు మెలిపెట్టేస్తుంది. అప్పుడిక మెత్తటి అన్నం, తొక్క తీసి ఉడికించిన క్యారెట్, గుడ్డు. "ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. నీకే నిన్న పడింది ఇవాళ పడకపోవచ్చు. మందు మాత్రం మానకు," అంది డాక్టరమ్మ.

పెళ్లికి ముందే మా ఆయనకు అంతా చెప్పాను. "ఓస్, ఇంతేనా!" అని నవ్వాడు. ఆ నవ్వుకే పడిపోయాను. ఇంట్లోవాళ్లతో మాత్రం గ్యాస్ అని చెబుదామన్నాడు. గ్యాస్‌కైతే పరువు పోదు కాబోలు. సరేనన్నాను. దాంతో నేను వంకలు పెట్టే కోడలినయ్యాను.

"నిన్న లొట్టలేసుకుంటూ తిన్నావుగా, ఇవాళేమొచ్చింది?" అని అత్తయ్య. "రాళ్లు తిని హరాయించుకునే వయసు నీది!" అని మామయ్య. బాత్రూము తలుపు తట్టి, "అందులోనే కాపురం పెట్టావా ఏమిటి?" అనేదీ ఆయనే. లోపల ఒకే గ్లాసులో మా ఆయన బ్రష్షూ నాదీ తలలానించుకుని ఉంటాయి. వాటిని చూస్తే నాకు భలే ముచ్చట. చూడ్డానికి కావలసినంత తీరిక కూడా.

ఈ వారం మళ్లీ తిరగబెట్టింది. వెనక పొయ్యి మీద చిన్న గిన్నెలో నా అన్నం పెట్టుకున్నాను. "పెళ్లయి మూడు నెలలు నిండలేదు, అప్పుడే వేరు కుంపటా?" అంది అత్తయ్య. అందరూ నవ్వారు. అలవాటుగా నేనూ నవ్వాను.

బల్ల దగ్గర మా ఆయన కీరా ముక్క ఉప్పులో అద్ది నా నోటి దగ్గర పెట్టాడు. "పిట్టా, ఒక్కటి. నా కోసం."

నన్ను పిట్ట అనేది అతనొక్కడే. పోయినసారీ అతని కోసమే తిన్నాను. ఆ సాయంత్రం సినిమా అంతా అతను హాల్లో చూశాడు, నేను టాయిలెట్లో విన్నాను. ఇంటికొచ్చే దారిపొడవునా ఎంత బాగా కథ చెప్పాడంటే, కోప్పడటం మర్చిపోయాను.

అత్తయ్య మురిపెంగా చూస్తోంది. మామయ్య మర్యాదగా తల తిప్పుకున్నాడు. ముక్క నా పెదవికి తగిలింది, చల్లగా.

అతని మణికట్టు పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పాను. ముక్క అతని నోట్లోనే పెట్టాను.

"నాకు గ్యాస్ కాదత్తయ్యా. పేగులో పుండ్లు. తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. మీ అబ్బాయికి పెళ్లికి ముందే తెలుసు."

అందరూ అతని వైపు చూశారు. నోట్లో కీరా ఉంది కదా, పాపం నములుతూ ఉండిపోయాడు.

నేను లేచి, సొరుగులోంచి పీలర్ తీసుకున్నాను.