ఆ "ఆగు" ఎవరికి?

బిడ్డకి ఇంకా ఇరవై మూడు గంటల గడువుంది.

ఆ గడువు పెట్టింది పెద్ద సిస్టర్. వీధి చివర నాలుగు మంచాల ప్రసూతి కేంద్రంలో ముప్ఫై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్న ఆవిడ, ఆ ఉదయం పది గంటలకి మేస్త్రమ్మ పొట్ట తడిమి, లోపలి గుండె చప్పుడు విని, చేతులు కడుక్కుంటూ సంగతి తేల్చేసింది.

"నువ్వు బాగున్నావు, లోపలి బిడ్డా బాగుంది. కానీ తేదీ దాటి పది రోజులైంది తల్లీ. రేపు పొద్దున తొమ్మిదిలోపు నొప్పులు మొదలైతే ఇక్కడే, నా చేతుల్లో. లేదంటే పెద్దాసుపత్రి. సెలైన్‌లో మందు పెట్టి నొప్పులు తెప్పిస్తారు."

"అక్కడ మా ఆయన్ని లోపలికి రానిస్తారా?"

"రానివ్వరు. బయట బెంచీలుంటాయి."

మేస్త్రమ్మకి సూదంటే భయం లేదు. మందంటే భయం లేదు. ఆ బెంచీ ఒక్కటే గుండెలో దిగబడింది.

ఎందుకో చెప్పాలి. మేస్త్రమ్మ ఇళ్ల సామాన్లు మార్చే ముఠాకి పెద్ద. ఎనిమిదేళ్లలో ఆమె ఎత్తిన ప్రతి బరువుకీ రెండో కొసన ఆమె మొగుడే ఉన్నాడు. బీరువా కానీ, ఫ్రిజ్ కానీ, మెట్ల మీద ఆమె పైన, అతను కింద. పైవైపు పట్టేవాళ్లని వాళ్లు 'పై చెయ్యి' అంటారు. "మా ఇంట్లో పై చెయ్యి ఎవరిదో లోకానికంతా తెలుసు," అని మొగుడు చెప్పుకుని మరీ నవ్వుతాడు. ఒక్కతే ఎత్తిన బరువంటూ ఆమె జీవితంలో లేదు. ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద బరువు దించుకునే వేళకి అతను బయట బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తుంటాడా?

"కుదరదు," అంది మేస్త్రమ్మ, ఎవరితోనో తెలియకుండా.

పది రోజులుగా వాళ్లు చెయ్యని ప్రయత్నం లేదు. ఖర్జూరాలు తింది. ఎన్ని తిందంటే, కొట్టువాడు ఆమెని చూడగానే పొట్లం కట్టడం మొదలెట్టేవాడు. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగింది. బంతి అలిసిపోయి గాలి వదిలింది కానీ బిడ్డ కదల్లేదు. వేడినీళ్ల స్నానం చేసింది. పొద్దునా సాయంత్రం వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. ఎదురైన ప్రతివాళ్లూ "ఇంకా కాలేదా?" అని అడిగితే, "అయింది, లోపల పెట్టుకుని తిప్పుతున్నా," అని జవాబు చెప్పింది.

అత్తగారిది వేరే పద్ధతి. ఆవిడ పాతికేళ్లు బస్సు కండక్టరు. కోడలు టీ తాగుతున్నా, పళ్లు తోముకుంటున్నా, పొట్ట దగ్గర వంగి అరుస్తుంది.

"దిగాలి, దిగాలి! ఆఖరి స్టాపు! ఇంక బస్సు షెడ్డుకెళ్లిపోద్ది!"

"అత్తయ్యా, చెవులు పగిలిపోతున్నాయి."

"నీవి కాదు పిల్లా, వాడివి పగలాలి. ఇలాంటివాళ్లని ఎంతమందిని చూళ్లేదూ, నిద్ర నటించేవాళ్లని!"

అరుపులు పని చెయ్యకపోతే ఆవిడ పచ్చిమిరపకాయల్లోకి దిగింది. అవీ పని చెయ్యకపోతే ఆముదం సీసా తీసింది. అదృష్టం కొద్దీ మేస్త్రమ్మ ముందు పెద్ద సిస్టర్‌కి ఫోన్ చేసింది.

"ఆ సీసా మూత తీశారంటే ఊరుకోను," అంది సిస్టర్. "బిడ్డ వస్తుందో రాదో కానీ నువ్వు మాత్రం బాత్రూం వదిలి రాలేవు. ఒళ్లు గుల్లవుతుంది. నడువు, పడుకో, నవ్వు. మొగుడితో ప్రేమగా ఉండు, అది కూడా సాయం చేస్తుందంటారు."

ఆ ఆఖరి మాట మొగుడికి స్పీకర్లో వినబడింది. అతను దాన్ని సర్కారు ఉత్తర్వులా తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే తలుపు గడియ పెట్టి, పొట్టకి అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, సన్నటి సందులోంచి డైనింగు టేబుల్ బయటికి తియ్యాల్సిన వాడిలా తల గోక్కున్నాడు.

"ఇటు నుంచి రాదు. కొంచెం ఏటవాలుగా తిప్పితే..."

"నేనేమన్నా సామానునా?"

"కాదులే. సామానైతే కాళ్లు ఊడదీసేవాణ్ని."

మేస్త్రమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతో ఎక్కిళ్లొచ్చాయి. సరిగ్గా అప్పుడు బయటనుంచి అత్తగారు తలుపు దడదడలాడించింది.

"తియ్యండి, తియ్యండి! అనాసపండు కోసుకొచ్చా! ఇది తింటే గంటలో వచ్చేస్తుందట!"

ప్రేమ సంగతి అంతటితో సరి.

ఇక ఉత్తుత్తి నొప్పులు. రెండుసార్లొచ్చాయి. రెండుసార్లూ ముఠా లారీ హారన్ కొట్టుకుంటూ వీధంతా లేపి ఆమెని కేంద్రానికి చేర్చింది, రెండుసార్లూ సిస్టర్ "రిహార్సల్" అని వెనక్కి పంపింది. రెండోసారి ఎదురింటివాళ్లు చప్పట్లు కొట్టారు. మూడోసారి నవ్వులపాలయ్యేది లేదని మేస్త్రమ్మ ఒట్టేసుకుంది. నొప్పంటే నొప్పిలా ఉండాలి. మోసపోను.

ఇదిగో, ఈ ఒట్టే కొంప ముంచబోతోంది.

సిస్టర్ గడువు పెట్టిన ఆ రోజే, మధ్యాహ్నం ముఠాకి ఒక పని ఉంది. సంగీతం టీచరు ఇల్లు మారుతోంది. నాలుగో అంతస్తు. నిలువు పియానో. లిఫ్టులో పట్టదు.

"నేనూ వస్తా," అంది మేస్త్రమ్మ.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మొగుడు.

"సిస్టర్ నడవమంది. మెట్లు మెల్లగా దిగమంది. వేలు కూడా పెట్టను, నోరు ఒక్కటే పెడతా. నేను లేకుండా ఈ రెండు వారాల్లో రెండు బీరువాలు గోడకి గుద్దారు మీరు."

మొగుడు బెల్టులు భుజాన వేసుకున్నాడు. ఆ మాట నిజం.

వాళ్ల పనిలో ఒక నియమం ఉంది. మెట్ల మీద బరువు దిగుతున్నప్పుడు పైనుంచి ఒక్కళ్లే కేక వెయ్యాలి. "ఆగు" అంటే ఆగాలి. ఎందుకని అడక్కూడదు. మళ్లీ "కదులు" అనేవరకు కాలి వేలు కూడా కదపకూడదు. ఈ నియమం తప్పినందుకు ఒకడి బొటనవేలు చపాతీ అయింది. ఆ తర్వాత ఎవరూ తప్పలేదు.

పియానోకి దుప్పట్లు చుట్టి బెల్టులు బిగించారు. కింద మొగుడూ, ముఠాలో అందరూ 'బండ' అని పిలిచే కొండలాంటి మనిషీ. పైన లారీ డ్రైవరూ, 'ఈనెపుల్ల' అనే కుర్రాడూ. ఈనెపుల్ల పేరుకి తగ్గట్టే ఉంటాడు కానీ ఉడుంపట్టు. వాళ్ల వెనక మెట్ల మీద మేస్త్రమ్మ, ఆమె వెనక పియానోని కన్నకూతుర్ని సాగనంపుతున్నట్టు చూస్తూ టీచరు.

"కదులు! ఎడమ... ఎడమ... దించు..."

గుమ్మం దాటగానే మేస్త్రమ్మ నడుము చుట్టూ ఎవరో బెల్టు బిగించినట్టయింది. మెట్ల పక్క కడ్డీ పట్టుకుంది.

"ఆగు!"

నలుగురూ రాళ్లలా ఆగారు. అర నిమిషం. బెల్టు వదులైంది.

"కదులు."

"ఏమైంది మేస్త్రీ?" కిందనుంచి మొగుడు.

"గోడకి తగిలేలా ఉంది."

గోడ మూరెడు దూరంలో ఉంది. మొగుడు చూశాడు కానీ నియమం నియమమే. మేస్త్రమ్మ మనసులో అత్తగారి మిరపకాయల్ని తిట్టుకుంది. తెల్లవారినప్పట్నుంచీ నడుం లాగుతోంది, ఇప్పుడు కడుపులో మంట. గ్యాసు. మోసపోను.

మూడో అంతస్తు మలుపులో మళ్లీ "ఆగు!" కొంత కిందికి దిగాక మళ్లీ "ఆగు!" ఈసారి నిమిషం దాటింది. బండ మొహం టమాటాలా ఎర్రబడింది.

"అక్కా," అన్నాడు ఈనెపుల్ల, దవడలు బిగించి. "ఇప్పుడు దేనికి తగిలేలా ఉందక్కా? ఇక్కడ గోడ కూడా లేదు."

"నోరు మూసుకుని పట్టుకో."

"మూసే ఉంది అక్కా. పళ్ల మధ్యనుంచి మాట్లాడుతున్నా."

రెండో అంతస్తు దాటి ఆరు మెట్లు దిగాక ఇంకో "ఆగు!" పడింది. అప్పుడు ఇంతసేపూ పియానో కోసం దుఃఖిస్తున్న టీచరు, మేస్త్రమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమీ అనుకోకమ్మా. నాది లెక్కపెట్టే వృత్తి. నువ్వు మొదట ఆరు నిమిషాలకి ఆగన్నావు. తర్వాత ఐదు. ఇప్పుడు నాలుగు. ఇంత శుద్ధంగా తాళం నా శిష్యులెవరూ వెయ్యలేదు. గోడలు ఇలా తాళంలో అడ్డం రావు కదా?"

మేస్త్రమ్మ నోరు తెరిచింది. జవాబు వేరే చోటినుంచి వచ్చింది. మెట్ల మీదుగా నీళ్లు జారి ఈనెపుల్ల చెప్పుల్ని తడిపాయి.

"అక్కా! ఏదో పైపు పగిలిందే!"

"పైపు కాదురా, నేను!"

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"నొప్పులా? నిజం నొప్పులా?" మొగుడి గొంతు పియానో కిందనుంచి.

"నిజమైనవే! ఇంతసేపూ నిజమైనవే, నేనే నమ్మలేదు!"

"నేను పైకొచ్చేస్తున్నా!"

"బావా, నువ్వు చెయ్యి వదిలితే నేను గోడకి పోస్టర్నవుతా!" అని బండ ఆర్తనాదం చేశాడు.

పరిస్థితి ఇది. పియానోకీ గోడకీ మధ్య పిల్లి కూడా దూరదు. అటువైపు లారీ, వీధి, ప్రసూతి కేంద్రం, మొగుడు. ఇటువైపు మేస్త్రమ్మ. పైకి తీసుకెళ్లలేరు, రెండువందల ముప్ఫై కిలోలు. కిందికి దించాల్సిందే. ఇంకా ఒకటిన్నర అంతస్తు.

"దించండి! పరిగెత్తండి! కదులు, కదు... అమ్మా! ఆగు, ఆగు, ఆగు!"

నలుగురూ ఆగిపోయారు.

"మీరెందుకు ఆగారు!"

"నువ్వే కదా ఆగమన్నావు!"

"మిమ్మల్ని కాదు! నొప్పిని!"

కిందనుంచి మొగుడు, ఏడుపూ బతిమాలుడూ కలిపి అడిగాడు. "మేస్త్రీ, కాస్త ముందే చెప్పవే. ఆ 'ఆగు' మాకా, దానికా?"

"దానికి! కదులు!"

నాలుగు మెట్లు. "ఆగు!" ఎవరూ ఆగలేదు. "ఆగమంటే ఆగరేం! అంచు తగులుతోంది!" పియానో కొస గోడకి రాసుకుని లోపలెక్కడో ఒక తీగ 'డంగ్' మంది. టీచరు గుండె పట్టుకుంది.

"ఇలా అయితే బిడ్డ పుట్టేలోగా నా పియానో పోతుంది," అంది. తర్వాత ఆవిడ నడుం బిగించింది. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అదిలించిన గొంతు మెట్లదారంతా మోగింది. "ఇంక కేకలు నావి! అమ్మాయ్, నువ్వు నీ ఇష్టమొచ్చింది అరుచుకో. మీ నలుగురూ ఆ అమ్మాయి మాట వినొద్దు, నా లెక్క వినండి. ఒకటి, రెండు, మూడు! ఒకటి, రెండు, మూడు!"

ముఠా చరిత్రలో పై చెయ్యి మారడం అదే మొదటిసారి. మేస్త్రమ్మ కడ్డీ పట్టుకుని, ఆగు, వెళ్లు, చంపేస్తా, అయ్యో, అన్నీ అరిచింది. నొప్పి వచ్చినప్పుడల్లా నిలబడిపోయి, తగ్గగానే గబగబా దిగి కలుసుకుంది. పియానో మాత్రం మూడు లెక్కల మీద, పెళ్లివిందులో నాట్యం చేస్తున్న లావుపాటి పెద్దమ్మలా, ఊగుతూ దిగింది.

"టీచరమ్మా, కొంచెం వేగం పెంచండి!" మొగుడు.

"తాళం చెడుతుంది!"

"కాపురం చెడుతుందమ్మా!"

"సరే. ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు!"

ఐదు నిమిషాల్లో పియానో కాలిబాట మీద ఉంది. మొగుడు బెల్టు విప్పుకోకుండానే రెండంగల్లో వెనక్కొచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు. లారీలో టీచరు సోఫా అప్పటికే ఎక్కించి ఉంది. ఆమెని దాని మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు.

"మీ సోఫా..." అంది మేస్త్రమ్మ.

"తడిస్తే ఆరుతుంది. పో!" అంది టీచరు. లారీ మలుపు తిరుగుతుంటే, కాలిబాట మీద పియానోకి కాపలాగా నిలబడి, దుప్పటి కొస ఎత్తి, ఏ తీగ పోయిందో ఒక్కో మీటా నొక్కి చూసుకుంటోంది.

కేంద్రంలో పెద్ద సిస్టర్ పరీక్ష చేసి కళ్లజోడు సర్దుకుంది. "ఆరు సెంటీమీటర్లు తెరుచుకుంది. ఇది రిహార్సల్ కాదు తల్లీ. ఇంత ఆలస్యంగా వచ్చావేం?"

"పియానో అడ్డొచ్చింది."

సిస్టర్ ముప్ఫై ఏళ్లలో చాలా సాకులు విన్నది. ఇది కొత్తది. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చేతులు కడుక్కో. తల దగ్గర నిలబడు. పడిపోయేట్టుంటే గోడవైపు పడు."

అతను పడిపోలేదు. నాలుగు గంటలు అక్కడే ఉన్నాడు. ఆమె పిసికిన చెయ్యి వంకాయ రంగుకి తిరిగినా లాక్కోలేదు. నడి మధ్యలో ఆమె, "నా వల్ల కాదు, దించెయ్యండి, వదిలెయ్యండి," అని ఏడ్చింది. "సగం దాటేశాం," అన్నాడతను, చెవి దగ్గర. "బరువు నీదే. కానీ నేనిక్కడే ఉన్నా." ఆమె తిట్టింది. తిట్టి మళ్లీ చెయ్యి అందుకుంది.

సాయంత్రం ఏడూ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. గడువుకి ఇంకా పదమూడు గంటల నలభై నిమిషాలుంది.

బయట వరండాలో పంచాయితీ అప్పుడే మొదలైంది. అత్తగారు మిరపకాయలదే మహిమ అంటోంది. బండ మెట్లదంటున్నాడు. ఖర్జూరాలని మర్చిపోవద్దంటున్నాడు ఈనెపుల్ల. సిస్టర్ తలుపు సందులోంచి తల పెట్టింది.

"తేదీ దాటి పది రోజులయ్యాక ఏం చేసినా అదే పని చేసినట్టుంటుంది. దానికి రావాలనిపించింది, వచ్చింది. గోల ఆపండి."

లోపల, బిడ్డని తుడిచి గుడ్డలో చుట్టి తండ్రి చేతిలో పెట్టారు. సామాన్ల పనిలో అతనికో పేరుంది: ఏ వస్తువైనా ఒకసారి ఎత్తి చూసి, కిలో తేడా లేకుండా బరువు చెప్పేస్తాడు.

మేస్త్రమ్మ దిండు మీదనుంచి నీరసంగా నవ్వింది. "చెప్పవయ్యా. ఎంతుంటుంది?"

అతను నెమ్మదిగా ఎత్తి చూశాడు. పియానో కింద నిలబడ్డట్టు కాళ్లు ఎడం పెట్టి నిలబడ్డాడు. చెమట పట్టింది.

"పదిహేను కిలోలకి తగ్గదు," అన్నాడు.

సిస్టర్ బిడ్డని తీసుకుని తూచింది. మూడు కిలోల నూట యాభై గ్రాములు.

"మీ యంత్రం చెడిపోయింది సిస్టర్," అన్నాడతను, మళ్లీ రెండు చేతులూ చాపుతూ.