సందులో మీటింగు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఓడరేవు కూలీలుండే ఆ సందు మొత్తానికి టైల్స్ వేసిన ముందుగది ఒక్కటే, అది అమ్మన్నమ్మది. నదివైపు పాత బంగళా ఒకటి పడగొట్టినప్పుడు ఆ తెల్ల టైల్స్ నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది ఆవిడే. మొగుడు గవరయ్య తాపీ పట్టి పరిచాడు. ఆనాటినుంచి ప్రతి శనివారం సోడా చల్లి, కొబ్బరి పీచుతో టైల్స్‌నీ, పాత పళ్ళ బ్రష్షుతో వాటి మధ్య సందుల్నీ తోముతుంది. టైలుదేముంది, నీళ్ళు పోసినా మెరుస్తుంది. తోమినదాని పనితనం తెలిసేది సందుల్లోనే అని ఆవిడ లెక్క. యాసిడ్ పోస్తే సులువని ఇరుగమ్మలు చెప్పినా వినలేదు. యాసిడ్ తెల్ల సిమెంటును తినేస్తుందని ఒకసారి మూలన పోసి చూసి తెలుసుకుంది.

అంత ముద్దొచ్చే గచ్చు కాబట్టే యూనియన్ వాళ్ళ కన్ను దాని మీద పడింది. ఆదివారం వస్తే మీటింగు అక్కడే. నాయకుడు నిమాయ్‌దా మాట తేనె. ఎవరైనా రాని రోజే పని దొరికే బదిలీ కూలీ గవరయ్య పర్మనెంటు కావడం ఆయన నోటిమాట మీదే ఉంది, ఆ సంగతి గవరయ్యకి నిద్రలో కూడా గుర్తే. అందుకే ఆయన బురద చెప్పులతో గదిలోకొచ్చి, చెప్పులు విప్పించడం జమీందార్ల నాటి అలవాటని నవ్వితే గవరయ్యా నవ్వేవాడు. పైగా ఆయనొక్కడే చెప్పులతో ఉంటే బాగోదని తనూ వేసుకునే కూర్చునేవాడు. అప్పుడు అమ్మన్నమ్మకి మొగుడి మీదే ఎక్కువ కడుపు మండేది.

ఒక ఆదివారం బోర్డు రాయడానికి తెచ్చిన ఎర్ర పెయింటు డబ్బా నిమాయ్‌దా కాలు తగిలి బోర్లాపడింది. ఉండనీ బౌదీ, మన జెండా రంగేగా అన్నాడాయన, వదిన వరస కలిపి. అమ్మన్నమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. టైల్స్ తెల్లబడ్డాయి గానీ రంగు సందుల్లోకి ఇంకి కూర్చుంది. ఎంత తోమినా పోలేదు. ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఇక తోమడం కాదు, గోకడమే అనుకుంది.

వారమంతా విరిగిన రంపపు బ్లేడుతో సందుల్లోని ఎర్ర సిమెంటును గోకి పారేసింది. ఆదివారం పొద్దున్నే తెల్ల సిమెంటు ముద్దగా కలిపి, బొటనవేలితో నొక్కి నింపి, తడిగుడ్డతో తుడిచింది. మర్నాటిదాకా దాన్నెవరూ తొక్కకూడదు. మీటింగు రోజే ఎందుకు పెట్టుకున్నావని గవరయ్య గొణిగాడు. మీటింగు రోజు కాబట్టే పెట్టుకున్నానంది.

నిమాయ్‌దా మనుషుల్తో వచ్చేసరికి ఆవిడ గడపకి అడ్డంగా కూర్చుని ఉంది, చేతిలో బ్రష్షు. ఆయన చెప్పుకాలు గడప మీదికెత్తాడు. ఆవిడ కదల్లేదు. తోవ ఇమ్మని గవరయ్య పక్కనుంచి సైగలు చేస్తున్నాడు.

"లాంగల్ జార్, జొమి తార్," అంది అమ్మన్నమ్మ.

నాగలి ఎవరిదో నేల వాళ్ళదని ఆ గదిలో ఆయనే బెంగాలీలో లక్షసార్లు అన్న మాట అది. తర్వాతది మాత్రం ఆవిడ సొంతం.

"బురుష్ జార్, మేజే తార్. తోమినోల్లదే గచ్చు, దాదా. ఈ సందులు నావి. మీ మీటింగు ఆ సందులో ఎట్టుకోండి."

చివరి ముక్కలు తెలుగే అయినా, ఆవిడ చెయ్యి బయటికి చూపించాక ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. వెనకున్న కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎత్తిన చెప్పుకాలు కిందికి దిగింది. ఆ రోజు మీటింగు మురిక్కాలవ పక్కన, ఎండలో, నిలబడే జరిగింది.

ఆ వారంలోనే గవరయ్య డ్యూటీ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చి గడప బయటే ఆగిపోయాడు. నిమాయ్‌దా కబురెట్టాడట. బౌదీ క్షమాపణ చెప్పి, మీటింగు మళ్ళీ గదిలో పెట్టనిస్తే పర్మనెంటు ఖాయం. లేకపోతే ఈ జన్మకి బదిలీ కూలీయే.

అమ్మన్నమ్మ క్షమాపణ చెప్పదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మరి నువ్వేటన్నావు, మావా?"

గవరయ్య తెల్లటి సందుల వంక చూశాడు.

"సెప్పులిప్పి రమ్మన్నాను."

తన చెప్పులు బయటే విడిచి, ఎప్పుడో ఆరిపోయిన సందుల్ని కూడా తొక్కకుండా, టైల్స్ మీదే అడుగులేసుకుంటూ లోపలికొచ్చాడు.